నూరున్నీసా పాటల పెట్టె మార్చిన ఏడాది

ప్రొద్దుటూరు మోడంపల్లెలో నూరున్నీసా ఇల్లెక్కడని మగవాళ్ళను అడిగితే తల గోక్కుంటారు. ఆడవాళ్ళను అడిగితే చేతిలో పని పక్కనబెట్టి గుమ్మందాకా వచ్చి దిగబెట్టి పోతారు. చుట్టుపక్కల ఊళ్ళలో మెహందీ అయినా, నలుగు అయినా, గాజుల వేడుక అయినా, ఆడవాళ్ళు మాత్రమే చేరే ఏ సందడికైనా పాటలు వేసేది ఆవిడే. ముందు తలుపులు మూయిస్తుంది. కిటికీలకు పరదాలు దించుతుంది. ఎవరూ ఎవరినీ వీడియో తీయకుండా ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించి అలమారాలో పెట్టిస్తుంది. ఆ తర్వాతే పాట మొదలవుతుంది. ఇక ఆ గదిలో అత్త ఎవరో కోడలు ఎవరో తెలియదు. ఇంట్లో కొంగు జారనివ్వని పెద్దమ్మలు కొంగు నడుముకు బిగించి ఎగురుతారు.

భర్త రహమాన్‌కు ఒక గూడ్స్ ఆటో ఉంది. సామానంతా గుమ్మందాకా మోసుకొచ్చి దించి, వెనక్కి తిరిగి పోయి ఆటోలో కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్క వేడుకైనా లోపలికి చూసిన పాపాన పోలేదు. కానీ గోడకు ఇవతల కూర్చునే, ఏ పాట పడింది, ఎంతమంది లేచారు, పెళ్ళికూతురు సిగ్గు వదిలిందా లేదా అన్నీ చెప్పేయగలడు.

పాటల పని ఆవిడకు తండ్రి హబీబుల్లా నుంచి వచ్చింది. ఆయన మైకుసెట్టు ఒకప్పుడు ఇటు బ్రహ్మంగారిమఠం నుంచి అటు వల్లూరు దాకా తిరగని ఊరు లేదు. కొడుకు అబ్రార్‌కు పాటల మీద కంటే కువైట్ మీద మనసు. కూతురు మాత్రం గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు ఎక్కడ దించితే ఏ చరణం వస్తుందో గీతలు చూసి చెప్పేది. ఒకసారి ఎవరి ఇంట్లోనో పెళ్ళి. ఆడవాళ్ళ పక్క మగమనిషి రాకూడదన్నారు. హబీబుల్లా కూతుర్ని లోపలికి పంపాడు. ఆ రోజు లోపలికి పోయిన నూరున్నీసా ఇక ఆ పని వదల్లేదు.

క్యాసెట్లు వచ్చాయి. వేడుకకు ముందు ఇంట్లో వేసి చూస్తుంటే ఒక క్యాసెట్టు టేపునంతా నమిలేసింది. సీడీలు వచ్చాయి. గీత పడ్డ సీడీ మూగనోము పట్టింది. పెన్‌డ్రైవ్ ఒకరోజు పలికితే ఒకరోజు పలకలేదు. ఆవిడ ప్రతిసారీ తిరిగి రికార్డుల దగ్గరికే వచ్చింది. రికార్డుకు గీత పడినా ఏదో ఒకటి పలుకుతుంది, గీరుకుంటూ అయినా ముందుకు పోతుంది. రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని మీద పాట ముగుస్తుండగానే రెండోదాని మీద ముల్లు దించేది. మధ్యలో ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇచ్చేది కాదు. అమ్మాయిలు కొత్త పాటలు కావాలని గోల చేస్తే ఫోన్ తగిలించి ఒకటో రెండో వేసి, మళ్ళీ పాతవాటికే వచ్చేది. పాత పాటకే పెద్దవాళ్ళు లేస్తారు, పెద్దవాళ్ళు లేస్తేనే వేడుక నిలబడుతుంది అనేది ఆవిడ నమ్మకం. ‘నూరక్క వచ్చిందంటే పాట ఆగదు’ అని పేరు పడింది. ఆ పేరంటే ఆవిడకు మెడలో గొలుసు కంటే ఎక్కువ.

అలాంటి మనిషికి చిక్కంతా ముల్లుతో వచ్చిపడింది.

బెంగళూరులో పాత అంగడి ఒకటి ఉండేది. అక్కడి ముసలాయన రికార్డు ముళ్ళు పంపేవాడు. ఈసారి ఫోన్ చేస్తే, “ఇవే చివరివమ్మా, ఇంక రావు. నేను కూడా అంగడి మూస్తున్నాను” అన్నాడు. వేరే చోట తెప్పించిన ముళ్ళు రికార్డులను చెక్కేశాయి. దానికితోడు ఆ పెట్టెలు మోసీ మోసీ రహమాన్ నడుము పట్టేసింది. ఆటో దిగినప్పుడల్లా ముందు “యా అల్లా” అని, తర్వాత నిటారుగా నిలబడేవాడు.

సరిగ్గా అప్పుడే అబ్రార్ కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. అక్క ముందు ఒక ల్యాప్‌టాప్, దానికి తగిలించే నల్లటి పెట్టె ఒకటి పెట్టాడు. ఆ పెట్టె మీద రెండు చక్రాలు, బోలెడు మీటలు. చక్రాలు చూడ్డానికి చిన్న రికార్డుల్లా ఉన్నాయి.

“ఆపా, ఇంగ ఆ పెట్టెలు మోసింది చాలు. నీ రికార్డులన్నీ ఇందులో పడతాయి. డీజే వాళ్ళంతా ఇప్పుడు దీంతోనే వేస్తాండారు” అన్నాడు.

“పడతాయి సరే. నడిమధ్యలో ఇది పడుకుంటే ఎవురు లేపేది?”

“మళ్ళా ఆన్ చేస్తే లేస్తాది.”

“ఎంతసేపు పడతాది?”

“ఏముంది, రెండు నిమిషాలు.”

“రెండు నిమిషాలా!” నూరున్నీసా గుండె మీద చెయ్యి వేసుకుంది. “రెండు నిమిషాలు పాట ఆగితే ఆడోళ్ళంతా కూచుంటారు. కూచున్నోళ్ళను మళ్ళా లేపేది నువ్వొస్తావా కువైట్ నుంచి?”

చూపు పోయి కూతురి దగ్గరే ఉంటున్న హబీబుల్లా నవ్వు మంచం మీద నుంచి వినబడింది. అందరూ ఆయన కూతురి పక్షం మాట్లాడతాడనుకున్నారు. ఆయన ల్యాప్‌టాప్‌ను దగ్గరికి తెమ్మని, మీటలన్నీ ఒకసారి తడిమి చూశాడు.

“నేను మొట్టమొదట మైకుసెట్టు తెచ్చినప్పుడు మా అబ్బ ఏమన్నాడో తెల్సునా? కరెంటును నమ్ముకునే పాట పాటే కాదు, డోలు తీసకపో అన్నాడు. నేను ఇన్లేదు. ఇన్నుంటే ఈరోజు నువ్వు డోలు కొడతాంటావు. నేర్చుకో బేటీ. నాకు కండ్లు కనబడుంటే నేనే నేర్చుకుందును.”

తండ్రి మాట కాదనలేక ఆవిడ మైదుకూరు రోడ్డులో హాసిని నడిపే కంప్యూటర్ రిపేరు అంగడికి పోయింది. హాసిని అక్క పెళ్ళిలో నూరున్నీసాయే పాటలు వేసింది గనక ఆ అమ్మాయికి ఈవిడంటే ఇష్టం. నేర్పడానికి వెంటనే ఒప్పుకుంది. రెండు రోజులకే, ఎవరికి ఎవరు పరీక్ష పెడుతున్నారో తెలియకుండా పోయింది.

“అక్కా, మీరు దీన్ని నేర్చుకుంటాండారా, కోర్టు బోనులో నిలబెట్టి అడుగుతాండారా?” అనేది హాసిని నవ్వుతూ.

నిజంగానే ఆవిడ దాన్ని వేధించింది. మార్చి నెలాఖరుకే ప్రొద్దుటూరులో మిద్దె మీద కాలు పెట్టలేం. మిట్టమధ్యాహ్నం దాన్ని మిద్దె మీద పెట్టి పాటలు వేసి, తాను మెట్ల మీద నీడన కూర్చుని చూసింది. కాసేపటికి దాని లోపలి ఫ్యాను విమానంలా అరిచి, తెర నల్లబడింది. ఆవిడ దాన్ని కొంగులో చుట్టుకుని హాసిని అంగడికి పరుగెత్తింది.

“సచ్చిపాయ! సూడు, నేను ముందే చెప్తి!”

హాసిని దాన్ని తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది. “అక్కా, ఆ ఎండలో మీ రికార్డులు పెట్టుంటే ఏమయ్యుండేవి?”

నూరున్నీసాకు ఒకసారి బ్రహ్మంగారిమఠం పోయే దారిలో ఎండ తగిలి, మంచి రికార్డు ఒకటి వేయించిన అప్పడంలా వంకర్లు తిరిగిన సంగతి గుర్తొచ్చింది. “అప్పడాలయ్యుండేవి” అని ఒప్పుకుంది.

తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని రహమాన్ ఆటోలో రాజుపాలెం దాకా పోయింది. ఆ రోడ్డు మీద గుంతలు చూసి చూసి ఎక్కించమంది. ఆటో ఎగిరింది, రహమాన్ ఎగిరాడు, ఆవిడా ఎగిరింది. పాట మాత్రం ఒక్క మాట తప్పలేదు. రికార్డు మీద ముల్లయితే మొదటి గుంతకే ఊరు దాటిపోయేది. ఆవిడకు సంతోషం కలగాల్సింది పోయి కొంచెం కోపం వచ్చింది.

“ఇంగేం మిగిలింది? పెన్నలో ముంచి కూడా చూస్తావా?” అన్నాడు రహమాన్.

“నీళ్ళుంటే ముంచేదాన్నే” అంది ఆవిడ.

కరెంటు తీగ పీకి చూసింది, బ్యాటరీ మీద పాడింది. పక్కన మిక్సీ వేసి చూసింది, పాడింది. ఇక సరేలే అనుకుంటున్న రోజున, ఇంట్లో నాలుగు పాటలు అయ్యాయో లేదో, తెర మొత్తం నీలంగా మారి, మధ్యలో చిన్న చుక్కల చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆపవద్దు, ఓపిక పట్టండి అన్నట్టు ఏదో రాసి ఉంది. నూరున్నీసా జ్వరం వచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు దాని ముందు కూర్చుంది. అన్నం చల్లారిపోయింది. ఆ చక్రం తిరుగుతూనే ఉంది.

హాసిని వచ్చి చూసి, అది చెడిపోలేదని, తనను తాను సరిచేసుకుంటోందని చెప్పింది. వేడుకకు పోయే ముందు ఇంటర్నెట్ తీసేయాలి, ఆ సరిచేసుకునే పనేదో ఇంట్లోనే ముందు రోజు కానివ్వాలి, పాటలన్నీ దాని కడుపులోనే ఉండాలి గానీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోకూడదు అని ఒక్కొక్కటీ చూపించింది. “ఇన్ని చేసినా, ఎప్పుడైనా ఒకసారి హ్యాంగ్ అయితాదక్కా. అవదని నేను ప్రమాణం చేయను” అంది.

ఆ చివరి మాటే నూరున్నీసాకు నచ్చింది. ప్రమాణాలు చేసేవాళ్ళను ఆవిడ నమ్మదు. “అయితే రెండోది ఉండాల. నా రికార్డు మిషన్లు రెండు లేవా? అట్లనే” అంది. ఇద్దరూ కూర్చుని పాటలన్నీ ఆవిడ ఫోన్‌లో కూడా వేశారు. ఫోన్ నుంచి ఒక తీగ పక్కన సిద్ధంగా పెట్టారు. ల్యాప్‌టాప్ కన్నుమూస్తే ఒక్క మీట తిప్పితే ఫోన్ అందుకుంటుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నూరున్నీసా కలతలేకుండా పడుకుంది.

మొదటి వేడుక జమ్మలమడుగులో. పెళ్ళికూతురు అల్ఫియా. ఆమె నాయనమ్మ ఖాసింబీ, ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా మొదట లేచి ఆడే మనిషి. మెహందీ మధ్యాహ్నం భోజనాల తర్వాత పెట్టుకున్నారు.

రహమాన్ ఆటో దగ్గరికి వచ్చి చూస్తే ల్యాప్‌టాప్ సంచి పక్కన రికార్డుల పెట్టెలు కూడా ఉన్నాయి.

“ఇవెందుకు మళ్ళా? కొత్తది తెచ్చుకునింది ఇవి మోయకుండా ఉండేదానికే గదా!”

“ఈ ఒక్కసారికి. నన్నేం అడగొద్దు.”

అతను “యా అల్లా” అని వంగాడు.

మొదటి పాట వేసింది. తర్వాత పాట, ఆ తర్వాత పాట. ఒక చక్రం మీది పాట ముగుస్తుంటే రెండో చక్రం మీది పాట అందుకుంది, రికార్డుల మీద చేసినట్టే. ఇంకా నున్నగా కూడా ఉంది. ఆడవాళ్ళకు తేడా తెలియలేదు. అమ్మాయిలు కొత్త పాటలు అడిగితే వెతుక్కోకుండా వెంటనే వేసింది. కూలర్ గాలి తగిలేలా ల్యాప్‌టాప్‌ను జరిపింది. నుదుటి చెమట తుడుచుకుని, గెలిచాననుకుంది.

అప్పుడు ఖాసింబీ గది మధ్యలోకి వచ్చి చెయ్యెత్తింది. “చెప్పుల పాట వెయ్యి బేటీ.”

ఆ పాట లేకుండా అటు వైపు ఏ మెహందీ ముగియదు. పెళ్ళికొడుకు చెప్పులు దాచిన మరదళ్ళు, “ఏమిస్తావు బావా?” అని బేరమాడే పాట అది. ఎప్పుడో మూతపడ్డ ఒక చిన్న కంపెనీ వేసిన రికార్డు. గదిలో ఆడవాళ్ళు రెండు వరసలుగా నిలబడతారు. ఇటు పెళ్ళికూతురివాళ్ళు, అటు పెళ్ళికొడుకువాళ్ళు. పాటలో “ఇస్తావా” అనే మాట వచ్చినప్పుడు ఇటువాళ్ళు వేలు చూపించి చప్పట్లు కొడుతూ “ఇస్తావా, ఇస్తావా, ఇస్తావా” అని మూడు అడుగులు ముందుకు వేస్తారు. అటువాళ్ళు మూడు అడుగులు వెనక్కి వేసి, “ఇస్తాం!” అని ఒక్కసారిగా అరుస్తారు. ఆ అరుపు కోసమే సగంమంది వస్తారు.

నూరున్నీసా పాట వేసింది. వరసలు కదిలాయి. “ఇస్తావా” అంది పాట. ఇటువాళ్ళు చెయ్యెత్తి ఒక అడుగు వేశారు. పాట ఆగకుండా తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయింది. ఇటువాళ్ళు రెండో అడుగు వేయాలో వద్దో తెలియక నిలబడ్డారు. అటువాళ్ళలో కొందరు “ఇస్తాం” అన్నారు, కొందరు నోరు తెరిచి అనలేకపోయారు. వెనక్కి నడుస్తున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళను గుద్దుకున్నారు. ఎవరి గాజులో పగిలాయి. ఖాసింబీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నూరున్నీసా వైపు తిరిగింది.

“ఏంది బేటీ, పాట చెడిపాయనా?”

“కంప్యూటర్ మింగేసింది!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

నూరున్నీసా తెర వైపు చూసింది. అంతా సవ్యంగానే ఉంది. ఏదీ ఆగలేదు, ఏదీ చెడలేదు. కాసేపు ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత తట్టింది.

పాటలో “ఇస్తావా” ఉండేది ఒక్కసారే. తన రికార్డు మీద అక్కడ ఒక గీత ఉంది. ముల్లు ఆ గీతలో ఇరుక్కుని అదే మాటను తిప్పి తిప్పి పలికేది. మొదటిసారి అలా ఇరుక్కున్నప్పుడు, తాను చెయ్యి చాపి వేలితో ముల్లును నెట్టేలోపు మూడుసార్లు పలికింది. ఆడవాళ్ళు అది పాటే అనుకుని మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి తాను మూడుసార్లు పలకనిచ్చి, వేలితో మెల్లగా నెడుతోంది. చెయ్యి దానంతట అదే పోయేది, దాని గురించి ఎప్పుడూ ఆలోచించింది లేదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ముద్దనూరు ఆడవాళ్ళంతా తల్లుల దగ్గర కూతుళ్ళు నేర్చుకున్న ఆట ఒక గీత మీద నిలబడి ఉంది. హాసిని ఇంటర్నెట్‌లో దొరికిన మచ్చలేని పాట తెచ్చి పెట్టింది. ఇన్ని పరీక్షలు పెట్టినా నూరున్నీసా కళ్ళు తెర మీదా, చెవులు ఫ్యాను మీదా ఉన్నాయి తప్ప, ఆ పాటను ఒక్కసారి కూడా వినలేదు.

ఆవిడకు పకపకా నవ్వొచ్చింది. నవ్వుతూనే చేతులు పని మొదలుపెట్టాయి. ఆ రికార్డు పెట్టె అడుగున ఎక్కడో ఉంది, తీసేసరికి వేడుక చల్లారిపోతుంది. హాసిని చూపించిన మీట ఒకటి గుర్తొచ్చింది. పాటలో ఒక చోట గుర్తు పెట్టుకుంటే, ఆ మీట నొక్కినప్పుడల్లా పాట గెంతుకుంటూ అక్కడికే వస్తుంది. ఎందుకు పనికొస్తుందో అప్పుడు తెలియలేదు. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వెనక్కి తిప్పి “ఇస్తావా” ముందు గుర్తు పెట్టింది.

“అందరూ మళ్ళా నిలబడండి. తప్పు నాదే, మీది కాదు” అని అరిచింది.

వరసలు కదిలాయి. “ఇస్తావా” అంది పాట. ఆవిడ మీట నొక్కింది, కొంచెం ముందుగా నొక్కింది. “ఇస్తా, ఇస్తావా” అని తడబడింది పాట. అమ్మాయిలు విరగబడి నవ్వారు. “మళ్ళా! మళ్ళా!” అన్నారు. ఈసారి ఆవిడ కళ్ళు మూసుకుంది. తెర చూడలేదు. ముల్లు తిరిగే లయ వేలికి తెలుసు. “ఇస్తావా.” నొక్కింది. “ఇస్తావా.” నొక్కింది. “ఇస్తావా.”

“ఇస్తాం!”

ఆ అరుపుకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఆ సాయంత్రం ఆ పాట మూడుసార్లు వేయమన్నారు. ఖాసింబీ వచ్చి ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టి, దిష్టి తీసి, మెటికలు విరిచింది. బయట ఆటోలో రహమాన్ మొదటి “ఇస్తావా”కు ఉలిక్కిపడి లేచి, చివరి “ఇస్తాం”కు మళ్ళీ కూర్చున్నాడట. ఆ తర్వాత రికార్డుల పెట్టెలు ఇంటి నుంచి కదల్లేదు. హబీబుల్లా మంచం పక్కన యంత్రం ఒకటి పెట్టారు, చివరి ముళ్ళు ఆయనవే. జమ్మలమడుగు కథ విని ఆయన ఎంత నవ్వాడంటే, దగ్గొచ్చి నీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఆ ‘ఇస్తావా’ కబురు పులివెందుల దాకా పోయింది. అక్కడ చీనీ బత్తాయి తోటలున్న పెద్ద ఇంటి ఇందిరమ్మ తన మనవరాలు రాధిక నలుగుకు నూరున్నీసానే పిలిపించింది. ఆ ఇంట్లో అంతకుముందు ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ పాటలు వేసింది ఆవిడే. ఇందిరమ్మ మాటంటే మాటే. ఫోన్లు బుట్టలో వేయాలంటే అందరివీ వేయాల్సిందే. బుట్ట పట్టుకుని తానే వరసగా వచ్చింది. నూరున్నీసా తీగలు సర్దుకునే హడావిడిలో తన ఫోన్ కూడా వేసేసింది. ఇందిరమ్మ బుట్టను అలమారాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొడుకుకు ఇచ్చి తోటకు పంపింది. ఎవరూ బతిమాలి తెరిపించుకోకుండా ఉండాలట.

పొద్దున టిఫిన్ల తర్వాత మొదలైంది. రాధికకు పసుపు పూశారు, పూసినవాళ్ళు పూయించుకున్నారు, చివరికి నూరున్నీసా ముక్కు మీద కూడా పసుపే. ఇందిరమ్మ ఒక పక్క, పెళ్ళికొడుకు నాయనమ్మ ఒక పక్క, పోటీ పడి చిందేస్తున్నారు. పాట వెనక పాట. కరెంటు పోయింది, పాట తెగేలోపే జనరేటర్ అందుకుంది. మళ్ళీ కరెంటు వచ్చింది, జనరేటర్ తీశారు. ఆ తీసేటప్పుడు కరెంటులో ఏదో ఒక ఊపు వచ్చింది.

పాట ఆగిపోయింది.

తెర మీద గీతలు బిగుసుకుపోయాయి. బాణం గుర్తు కదల్లేదు. నూరున్నీసా చెయ్యి ఫోన్ కోసం పక్కకు పోయింది. తీగ ఉంది. ఫోన్ అలమారాలో ఉంది. తాళంచెవి తోటలో ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, తాను ఉన్న గదిలో ఫ్యాన్ల చప్పుడు వినబడింది. 

“అమ్మయ్య!”

అన్నది ఇందిరమ్మ. ఎక్కడిదక్కడ చాప మీద కూలబడింది.

“ఆగిందా? నిజంగానే ఆగిందామే?”

“ఆగిందమ్మా. ఒక్క నిమిషం, ఇప్పుడే...”

“ఒక్క నిమిషం ఏంది! నిదానంగా చేసుకో. నీ పాట ఎప్పుడాగుతాదా అని నేను ముగ్గురు కూతుర్ల పెండ్లిండ్లలో కాచుకోని ఉండా. నువ్వు ఒకదాని తోక పట్టుకోని ఇంగోటి తగిలిస్తాండావు. ముందు కూచునేదెవురు? నేను కూచుంటే ముసిల్దైపాయ అంటారు, వియ్యంపురాలు కూచుంటే ఓడిపాయ అంటారు. నా మోకాళ్ళు యాడుండాయో నాకే తెలీడంల్యా.”

పెళ్ళికొడుకు నాయనమ్మ అప్పటికే గోడకు ఆనుకుని కాళ్ళు చాపేసింది. “నేనూ అదే సూస్తాండా వదినా. నువ్వు కూచుంటే కూచుందామని.”

గది గదంతా నవ్వింది. ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. నడుములు పట్టుకున్నవాళ్ళు, కాళ్ళు ఒత్తుకున్నవాళ్ళు, ఇన్నాళ్ళూ ఓర్చుకున్న సంగతి ఒక్కొక్కరే బయటపెట్టారు. వంటింట్లో నుంచి గ్లాసుల్లో చీనీ రసం వచ్చింది. పప్పు, బెల్లం పూర్ణంతో వేడి ఓళిగలు వచ్చాయి, మీద నెయ్యి కారుతూ. ఎవరో నూరున్నీసా చెయ్యి పట్టి లాగి విస్తరి ముందు కూర్చోబెట్టారు. పాటలు వేసే రోజున ఆవిడ ఎప్పుడూ అందరూ పోయాక, చల్లారినదే తినేది. ఓళిగ ఇంత వేడిగా ఉంటుందని వేడుకలో తెలియడం ఇదే మొదలు.

“అక్కా, కంప్యూటర్ లేచింది” అంది రాధిక, పసుపు చేత్తో తెరను చూపిస్తూ.

“లేవనీలే. అదీ కొంచెంసేపు కూచుంటాది” అంది నూరున్నీసా, రెండో ఓళిగ అందుకుంటూ.

అంతలో పెరటి తలుపు దబదబా మోగింది. బయట రహమాన్ గొంతు. “నూరూ! ఏమైంది? పాట ఇనబడడంల్యా! బాగుండావా?”

ఆవిడ లేచి పోయి తలుపు చెయ్యి పట్టేంత తెరిచింది. అతని ముఖం పాలిపోయి ఉంది. ఇన్నేళ్ళలో గోడకు ఇవతల అతను నిశ్శబ్దం విన్నది లేదు. ఆవిడ సందులోంచి ఓళిగల పళ్ళెం బయటికి అందించింది.

“ఏం కాలేదు. తింటాండాం. నువ్వూ తిను.”

అందరూ లేచాక పాటలు మళ్ళీ పెట్టింది. రాధిక వచ్చి చెయ్యి పట్టుకుంది. “నువ్వు కూడా రా అక్కా.”

“నేను పోతే పాటలు ఎవురేస్తారు తల్లీ?”

అంటూనే ఆగింది. రికార్డుల దగ్గర నుంచి కదలడానికి వీల్లేదు, ముల్లు చివరికొచ్చేసరికి చెయ్యి అక్కడ ఉండాలి. కానీ పాటలు వరసలో పెట్టి ఒక మీట నొక్కితే ఈ పెట్టె తనంతట తానే ఒకదాని వెనక ఒకటి వేసుకుంటూ పోతుందని హాసిని చెప్పింది. అప్పుడు ఆవిడ ఆ మాట చెవిన పెట్టలేదు. దాన్ని ఒంటరిగా వదిలేస్తారా ఎవరైనా అనుకుంది.

“ఆగిపోతే?” అంది ఆవిడ, తనలో తానే.

“ఆగితే కూచుంటాం” అంది ఇందిరమ్మ, కొంగు బిగిస్తూ.

నూరున్నీసా మంచి పాటలు ఏరి వరసలో పెట్టింది. మీట నొక్కింది. పెట్టె వైపు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. పాట నడుస్తోంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ముక్కు మీది పసుపు అలాగే ఉండగా, రాధిక చెయ్యి పట్టుకుని గది మధ్యలోకి నడిచింది.